పందిరికి పూలు మాట్లాడుకునే ముందు తెలుసుకోవలసిన సంగతులు

మాఘం వచ్చిందంటే జ్యేష్ఠం దాకా మన ఇళ్లలో పెళ్లిళ్ల హడావుడే. హాలు కుదిరి, వంటవాళ్లు కుదిరాక ఖర్చుల పుస్తకంలో మూడో పద్దు పూల అలంకరణది. ఒకప్పుడు ఈ పద్దు చిన్నది. గుమ్మానికి అటూ ఇటూ అరటి చెట్లు, మామిడి తోరణాలు, కొబ్బరాకుల పందిరి, పెళ్లికూతురికి పూలజడ, రెండు దండలు. అంతటితో సరి. ఇప్పుడు చాలా ఇళ్లలో ఇది వంట ఖర్చుతో పోటీ పడుతోంది. అంత పెట్టీ తృప్తి ఉందా అంటే, "ఫోన్‌లో చూపించిన బొమ్మ ఒకటి, స్టేజీ మీద కట్టింది ఇంకొకటి" అనే మాటే సంఘం పనుల మీద తిరిగేటప్పుడు ఎక్కువగా వినిపిస్తోంది.

నేను పూల పని చేసేవాణ్ని కాను. జీవితమంతా లెక్కల పుస్తకాలు చూసిన గుమాస్తాను. హోసూరు ప్రాంతంలో పూల తోటల మధ్య ఉండటం వల్లా, సంఘం ఉగాది వేడుకలకు ఏటా పూల బేరం చేయవలసి రావడం వల్లా ఈ పని లోతు కొంత తెలిసింది. నాకు అర్థమైన ముఖ్యమైన సంగతి ఒకటే. అలంకరణ నాణ్యత పూల బరువును బట్టి ఉండదు. పువ్వును ఎప్పుడు కోశారు, ఏ వేళకు వాడుతున్నారు, దేని ఆధారంతో నిలబెడుతున్నారు అనే మూడు లెక్కలను బట్టి ఉంటుంది. మంచి పనివాడి సృజన ఈ మూడింటి మీదే నడుస్తుంది. ఈ లెక్కలు మన అమ్మమ్మలకు, నాయనమ్మలకు వచ్చు. మనకూ వస్తే డబ్బు మిగులుతుంది, పందిరి బాగుంటుంది, మన పూల పేర్లూ నిలుస్తాయి.

ముందు పేర్ల సంగతి

మన కుటుంబాలు నాలుగైదు రాష్ట్రాల్లో ఉన్నాయి. పూల సంతలో ఏ ఊరి భాష ఆ ఊరిదే. పేరు తేడా వస్తే సరుకే మారిపోతుంది.

బంతిపువ్వును బెంగళూరులో చెండు హూవు అంటారు. మహారాష్ట్రలో ఝేండూ, ఒడిశాలో గెండు. తెలుగులో బంతి అన్నా చెండు అన్నా గుండ్రటి వస్తువే కాబట్టి ఈ పేరు పట్టుకోవడం కష్టం కాదు. మన చామంతి కన్నడంలో సేవంతిగె, మరాఠీలో శేవంతి. కనకాంబరం కన్నడ, తమిళ సంతల్లో దాదాపు అదే పేరుతో దొరుకుతుంది, మహారాష్ట్రలో మాత్రం అబోలి అని అడగాలి.

చిక్కు వచ్చేది సంపెంగ దగ్గర. మన సంపెంగ చెట్టుకు పూసే పసుపుపచ్చ పువ్వు, దాన్ని తమిళంలో షెణ్బగం అంటారు. తమిళనాడు సంతలో సంపంగి అని అడిగితే మనం లిల్లీ అని పిలిచే పొడుగు కాడ తెల్లపువ్వును చేతిలో పెడతారు. అదే లిల్లీ కన్నడంలో సుగంధరాజ, మరాఠీలో నిశిగంధ, ఒడియాలో రజనీగంధ. పెళ్లి దండలకు ఎక్కువగా వాడేది ఇదే కాబట్టి ఆర్డరు చెప్పేటప్పుడు ఏ పువ్వో స్పష్టంగా చెప్పాలి.

కొలతలూ అంతే. కట్టిన పూలను మనం మూరల్లో కొంటాం. తమిళుల ముళం, కన్నడిగుల మొళ కూడా అదే కొలత, మోచేయి నుంచి వేలి కొస వరకు. అయితే ఏ మోచేయి అన్నది అమ్మేవాళ్ల ఇష్టం. దండలు చెప్పేటప్పుడు అడుగుల్లో చెప్పడం, విడిపూలు కిలోల్లో చెప్పడం మేలు.

కోసిన పువ్వు ఎలా బతుకుతుంది

చెట్టు నుంచి వేరు చేసినా పువ్వు వెంటనే చచ్చిపోదు. అది ఊపిరి తీసుకుంటూనే ఉంటుంది, లోపల దాచుకున్న చక్కెరను ఖర్చు చేస్తూనే ఉంటుంది. వేడి పెరిగేకొద్దీ ఈ ఖర్చు పెరుగుతుంది. పది డిగ్రీల వేడి పెరిగితే పువ్వు ఊపిరి వేగం రెండు మూడు రెట్లవుతుంది. ఎండలో లారీ మీద వచ్చిన గులాబీ, చల్లగా వచ్చిన గులాబీ ఉదయం ఒకేలా కనిపిస్తాయి. సాయంత్రానికి తేడా బయటపడుతుంది.

రెండోది నీరు. కాడలో సన్నని గొట్టాలుంటాయి, వాటి గుండా నీరు రేకులకు చేరుతుంది. కాడ కోసిన చోట గాలి బుడగ చేరినా, బకెట్ నీటిలో సూక్ష్మక్రిములు పెరిగి జిగురు పట్టినా గొట్టం మూసుకుపోతుంది. బకెట్ నిండా నీళ్లున్నా గులాబీ తల వాల్చేస్తుంది. అందుకే పని తెలిసినవాళ్లు పూలు రాగానే కాడ చివర ఒకటి రెండు సెంటీమీటర్లు ఏటవాలుగా మళ్లీ కోస్తారు, నీటిలో మునిగే ఆకులు తీసేస్తారు, నీళ్లు మారుస్తారు. జెర్బెరా కాడ నూగుగా, మెత్తగా ఉండి ఎక్కువ నీటిలో కుళ్లుతుంది కాబట్టి దానికి కొద్దిపాటి నీరే పెడతారు. మల్లె దీనికి భిన్నం. దానికి కాడ లేదు. తడి గుడ్డ చాలు, నీళ్లు పోస్తే రేకు గోధుమరంగుకు తిరుగుతుంది.

మూడోది పండ్లు. మాగిన అరటి, మామిడి పండ్ల నుంచి ఇథిలీన్ అనే వాయువు వస్తుంది. అది పువ్వును తొందరగా వాడిపోయేలా చేస్తుంది. పెళ్లింట్లో పూలబుట్ట, పండ్లబుట్ట ఒకే గదిలో మూసి పెట్టడం మనకు అలవాటు. వాటిని వేరు గదుల్లో పెడితే పైసా ఖర్చు లేకుండా పూలు ఇంకొన్ని గంటలు నిలుస్తాయి.

వేళకు తగ్గ పువ్వు

ప్రతి పువ్వుకూ ఒక గడియారం ఉంది. మల్లెను తెల్లవారుజామున మొగ్గగా ఉన్నప్పుడే కోస్తారు. ఆ మొగ్గ ఆ సాయంత్రం విచ్చుకుంటుంది, రాత్రంతా పరిమళిస్తుంది, మర్నాటికి రంగు మారుతుంది. రాత్రి ముహూర్తానికో సాయంత్రం రిసెప్షన్‌కో ఇంతకు మించిన పువ్వు లేదు. తెల్లవారుజాము ముహూర్తానికి ముందురోజు మొగ్గలతో స్టేజీ అంతా కడితే, తాళి కట్టే వేళకు అది వాడుమొహం వేస్తుంది. ఆ వేళకు బంతి, చామంతి, కనకాంబరం నమ్మకమైనవి. బంతి, చామంతి నీరు లేకుండా కూడా ఒకటి రెండు రోజులు ఆకారం చెడకుండా ఉంటాయి. గుమ్మాలకు, స్తంభాలకు తరతరాలుగా బంతినే కట్టడానికి కారణం రంగు ఒక్కటే కాదు, ఈ ఓర్పు కూడా.

వేళలాగే రుతువు కూడా చూడాలి. మల్లె వేసవి పువ్వు. చలికాలంలో దాని దిగుబడి పడిపోతుంది, ముహూర్తాలు తోడైతే ధర ఎన్నో రెట్లు పెరుగుతుంది. అప్పుడు కాకడా మల్లె దొరుకుతుంది. వాసన తక్కువైనా తెలుపు అదే. చామంతి పగలు తగ్గి రాత్రి పెరిగే కాలంలో పూసేది కనుక దసరా తర్వాత, చలికాలంలో విరివిగా వస్తుంది. ఫిబ్రవరి మొదటి రెండు వారాల్లో గులాబీ జోలికి పోకపోవడం మంచిది. ఫిబ్రవరి 14 కోసం మా హోసూరు పాలీహౌస్‌ల గులాబీ పెద్ద ఊళ్లకు, పై దేశాలకు వెళ్లిపోతుంది, ఇక్కడ తోట పక్కనే ఉన్నవాళ్లకు కూడా ధర మండుతుంది. మాఘ మాసపు పెళ్లిళ్లు కొన్ని ఈ రోజుల్లోనే పడతాయి.

మంచి పనివాడు ముందుగా ముహూర్తం ఎన్ని గంటలకు, ఏ నెలలో అని అడుగుతాడు. పని తెలియనివాడు ముందుగా ఫోన్ తీసి బొమ్మలు చూపిస్తాడు.

పూలజడలో ఉన్న పనితనం

పూల అలంకరణ ఒక కళ అనడానికి మన ఇళ్లలోనే పెద్ద ఉదాహరణ పూలజడ. వేసవిలో ఆడపిల్లలకు పూలజడ కుట్టించి, వెనుక అద్దం పెట్టి స్టూడియోలో ఫోటో తీయించని పాత తెలుగు కుటుంబం అరుదు. మైసూరు, బెంగళూరు వైపు దీన్నే మొగ్గిన జడె అంటారు.

ఆ జడ నిర్మాణం చూడండి. ఆధారంగా జుట్టు జడనే వాడతారు, లేదా అరటి బోదె పై పొరను జడ వెడల్పుకు కోసి వాడతారు. అరటి పొర తడిగా ఉంటుంది, వంగుతుంది, సూది దిగుతుంది, తన తడితోనే మొగ్గను కాపాడుతుంది. దాని మీద మల్లెమొగ్గలను ఒకే దిక్కుకు, వరుస తప్పకుండా కుడతారు. విచ్చిన పువ్వు కాకుండా మొగ్గనే ఎంచుకోవడంలో లెక్క ఉంది. మొగ్గలు ఒకే పరిమాణంలో ఉంటాయి కనుక గీత నిటారుగా వస్తుంది. సాయంత్రం అవన్నీ ఒకేసారి విచ్చుకుంటే జడ నిండుగా మారుతుంది. అంచుకు కనకాంబరం, నడుమ మరువం, దవనం, బిళ్లల చోట గులాబీ. తెలుపు పక్కన కాషాయం, దాని పక్కన ఆకుపచ్చ. చివరన కుచ్చులు.

ఆధారం, గీత, రంగు, వాసన, కాలం అన్నీ ఇందులో ఉన్నాయి. పూల డిజైన్ బడుల్లో నేర్పే పాఠాలు ఇవే. ఈ పని వచ్చిన పెద్దామెను డెకరేషన్ చేసే కుర్రవాడు "అమ్మా, ఎన్ని కిలోలు తెమ్మంటారు?" అని అడిగితే, ఆమె "కిలోలు తర్వాత చూద్దాం నాయనా, పిల్ల జడ ఎంత పొడుగో ముందు కొలువు" అంటుంది. మనిషిని చూసి, చోటును చూసి, ఆ తర్వాత పూలు చెప్పడమే ఈ విద్య.

పందిట్లో నిలిపే పూలకూ ఇదే నియమం. బతుకమ్మను గుర్తు తెచ్చుకోండి. షోలాపూర్, భివండి, ముంబయిలలో స్థిరపడిన తెలంగాణ మూలాల కుటుంబాలకు దీన్ని వివరించనక్కర లేదు. తాంబాళంలో గుమ్మడాకులు పరిచి, తంగేడు, గునుగు, బంతి, చామంతి వరుసలుగా పేర్చుకుంటూ పోతారు. నడుమ ఖాళీని ఆకులతో, కాడలతో నింపుతారు. జిగురు, మేకు, ప్లాస్టిక్ ఏదీ లేకుండా పూల గోపురం నిలబడుతుంది. చివరికి నీటిలో కలిపినా చెరువుకు బెంగ లేదు.

ఇతర దేశాల్లో ఈ కళ

జపాన్‌లో దీన్ని ఇకెబానా అంటారు. దాని అతి పురాతన సంప్రదాయం ఇకెనోబో, క్యోటోలోని ఒక బౌద్ధాలయంలో దేవుడికి పూలు సమర్పించే పనిలోంచి పుట్టింది. సాధారణంగా మూడు ప్రధాన గీతల చుట్టూ అమరిక సాగుతుంది. పొడవుది ఆకాశం, మధ్యది మనిషి, పొట్టిది భూమి అని చెప్పుకుంటారు. నాలుగైదు కాడలే ఉంటాయి. వాటి మధ్య వదిలిన ఖాళీ చోటును కూడా అలంకరణలో భాగంగానే చూస్తారు. ఎండు కొమ్మ, వంకర తీగ, నాచు పట్టిన రాయి, అన్నీ పనికొస్తాయి. కాడలను నిలపడానికి బరువైన లోహపు పళ్లెం మీద సూదులు నిలిపిన కెంజాన్ వాడతారు. ఒకసారి కొంటే ఏళ్ల తరబడి ఉంటుంది.

ఇంగ్లండులో కాన్‌స్టన్స్ స్ప్రై అనే ఆమె 1929లో లండన్‌లో పూల దుకాణం తెరిచింది. ఖరీదైన పూలే గొప్ప అనుకునే రోజుల్లో ఆమె కూరగాయల ఆకులను, కంచెల వెంట పెరిగే తీగలను, కలుపు మొక్కల గింజల గుత్తులను పెద్దింటి హాళ్లలో నిలిపింది. ఆధారానికి కోళ్ల దొడ్డి జాలీని ఉండలా నలిపి కుండలో పెట్టేది. 1953లో ఎలిజబెత్ రాణి పట్టాభిషేకపు పూల అలంకరణలో ఆమెకు ముఖ్య బాధ్యత అప్పజెప్పారు. పక్క పొలం గట్టున ఉన్నదాన్ని చూడగలిగే కన్నే ఆమె పెట్టుబడి.

ఇవన్నీ దగ్గరగా చూడాలంటే బెంగళూరు లాల్‌బాగ్ ఉంది. 1889 నాటి గాజు భవనంలో గణతంత్ర దినోత్సవానికి, స్వాతంత్ర్య దినోత్సవానికి ఏడాదికి రెండుసార్లు పూల ప్రదర్శన జరుగుతుంది. ఇకెబానా, ఎండు పూల అమరిక, కూరగాయల చెక్కడం వంటి వాటికి పోటీలూ ఉంటాయి. కర్ణాటకలో, హోసూరు వైపు ఉన్న కుటుంబాలు పిల్లలను తీసుకెళ్లి, పువ్వుతోపాటు అది దేని మీద నిలబడిందో కూడా చూపించాలి.

ఆకుపచ్చ ఇటుక సంగతి

ఇప్పుడు స్టేజీ మీద పూలు దేని మీద నిలబడుతున్నాయో చూద్దాం. వెనక్కి వెళ్లి ఆకులు తొలగిస్తే చాలాచోట్ల ఆకుపచ్చ స్పాంజి ఇటుకలు కనిపిస్తాయి. నీళ్లలో ముంచితే బాగా పీల్చుకుంటాయి, కాడ గుచ్చితే కదలదు. 1954లో అమెరికాలో ఇది వచ్చింది. పనివాళ్లకు ఎంతో సులువైంది కనుక ప్రపంచమంతా పాకింది.

అది చూడటానికి నాచులా ఉన్నా ఫినాల్, ఫార్మాల్డిహైడ్‌లతో చేసిన ప్లాస్టిక్. ఒకసారి గుచ్చాక మళ్లీ పనికిరాదు. పొడిపొడిగా రాలుతుంది, మట్టిలో కుళ్లదు. బకెట్‌లో మిగిలిన నీళ్లు పారబోస్తే ఆ పొడి కాలువలోకి పోతుంది. ఆస్ట్రేలియాలోని ఆర్.ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ పొడిని నీటి జీవులు తింటున్నాయని, దానిలోంచి హానికర రసాయనాలు నీటిలోకి ఊరుతున్నాయని చూపించారు. ఇంగ్లండులో ప్రఖ్యాతమైన చెల్సీ పూల ప్రదర్శనలో 2021 నుంచి ఈ ఫోమ్ వాడకాన్ని నిషేధించారు. పూల పనిలో అగ్రగణ్యులైనవాళ్లు అది లేకుండానే చేస్తున్నారు.

మన దేశంలో ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించిన ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల జాబితాలో అలంకరణకు వాడే థర్మోకోల్ కూడా ఉంది. పేర్లు చెక్కిన థర్మోకోల్ అక్షరాలు, థర్మోకోల్ స్తంభాలు ఈ లెక్కలోకి వస్తాయి. ప్యాకేజీలో ఇవి ఉంటే వద్దని చెప్పే హక్కు మనకుంది.

ప్లాస్టిక్ పూల గురించి కూడా నిష్పక్షపాతంగా చెప్పాలి. అద్దెకు తెచ్చి పదిసార్లు వాడితే చౌక అన్నది నిజమే. అయితే ఆ చౌక ఎవరి చేతి నుంచి పోతోందో చూడాలి. పూల రైతు, సంతలో కూలి, ఇంట్లో కూర్చుని మూరకు ఇంత అని పూలు కట్టి పిల్లల చదువు నెట్టుకొచ్చే ఆడవాళ్లు ఒకరి తరువాత ఒకరు పని పోగొట్టుకుంటారు. మన వీధుల్లో పూలు కట్టే చేతులు తగ్గిపోవడం మనమే చూస్తున్నాం. ఆ చేతులు పోతే పూలజడ కుట్టించుకుందామన్నా మనిషి దొరకదు.

ఫోమ్ లేకుండా నిలబెట్టే దారులు

అన్నిటికన్నా సులువైనది మన పందిట్లోనే ఉంది. అరటి బోదెలో నూటికి తొంభై వంతులు నీరే. దాన్ని జానెడు ముక్కలుగా కోసి నిలబెడితే పుల్లకు గుచ్చిన బంతి, చామంతి అందులో చక్కగా నిలుస్తాయి, తడీ అందుతుంది. అరటి జిగురు బట్టలకు మరక చేస్తుంది కనుక ముక్కలను ముందురోజే కోసి ఆరనివ్వాలి, పట్టుబట్టలకు దూరంగా పెట్టాలి.

పొడుగు కాడల లిల్లీ, గులాబీలకు మట్టికుండలో తడి ఇసుక, లేదా నలిపిన కోళ్ల జాలీ, పైన నీళ్లు. స్టేజీ వెనుక తెరకు వెదురు చట్రం కట్టి కొబ్బరాకుల అల్లిక. కొబ్బరాకును మడిచి చిలకలు, పూలు, జాలర్లు చేసే పనివాళ్లు తమిళనాడులోనూ కర్ణాటకలోనూ ఇంకా ఉన్నారు. ఆ ఒక్క అల్లిక ఉంటే పూలు సగం చాలు. దండలకు నైలాన్ దారం బదులు అరటి నార, నూలు దారం చెప్పండి. వాడిన దండలు ఆవుల ముందు పడితే నైలాన్ దారం, గుండుసూదులు వాటి కడుపులోకి పోతాయి.

ఏ ఊరికి ఆ ఊరి సామాను

అందరూ ఒకే బొమ్మను చూసి ఒకే పందిరి కట్టాలనుకోవడం వల్ల ఖర్చు పెరుగుతోంది. మీ ఊరు ఏం పండిస్తుందో చూడండి.

హోసూరు, కృష్ణగిరి వైపు గులాబీ, చామంతి, బంతి మన గుమ్మంలోనే. తమిళనాడులో ఇంకా దక్షిణానికి పోతే మదురై మల్లె. దానికి 2013లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రేకు మందం, వాసన ఎక్కువసేపు నిలవడం దాని ప్రత్యేకత. కర్ణాటకలో మైసూరు, ఉడుపి, హడగలి మల్లెలకూ అలాంటి గుర్తింపు ఉంది.

ఒడిశాలో బరంపురం, గంజాం వైపు ఉన్న మన కుటుంబాలకు మొగలి ఉంది. గంజాం మొగలి అత్తరు దేశమంతా పేరు పొందింది. మన పాత జడల్లో మొగలిరేకులు మడిచి పెట్టేవారు. అక్కడి పెళ్లిళ్లలో ఆ రేకులతో ద్వారానికి కుచ్చులు కడితే వాసనే అలంకరణ అవుతుంది.

యానాం వాళ్లకు కోనసీమ కొబ్బరి ఎదురు ఒడ్డునే. గోదావరి ఎగువన కడియం నర్సరీలు, పూల మార్కెట్ ఉన్నాయి. కుండీ మొక్కలను అద్దెకు తెచ్చి మండపానికి పెట్టి తిరిగి ఇవ్వవచ్చు, లేదా కొని, వచ్చినవాళ్లకు తాంబూలంతో పాటు ఇవ్వవచ్చు.

మహారాష్ట్రలో దసరా నాటికి ఝేండూ పొలాలన్నీ కాషాయం అవుతాయి. ఆ కాలపు శుభకార్యాలకు వేరే పువ్వు కోసం వెతకడం అనవసరం.

అడ్వాన్సు ఇచ్చే ముందు అడగండి

ఈ కింది ప్రశ్నలు ఒక కాగితం మీద రాసుకుని మాట్లాడండి. ఒప్పుకున్నది కూడా కాగితం మీదే ఉండాలి.

1. ముహూర్తం వేళకు ఏ పువ్వు సరిగ్గా ఉంటుంది? పూలు ఎప్పుడు కోసినవి, ఎప్పుడు వస్తాయి, ఎప్పుడు కడతారు?

2. ఆ నెలలో ఆ పువ్వు దొరకకపోతే, లేదా ధర పెరిగితే, బదులు ఏది పెడతారు? మాకు చెప్పే పెడతారా?

3. ఏది అసలు పువ్వు, ఏది ప్లాస్టిక్? విడివిడిగా రాయండి.

4. పూలు దేని మీద నిలబెడతారు? ఫోమ్, థర్మోకోల్ లేకుండా చేయగలరా?

5. విడిపూలు ఎన్ని కిలోలు, దండలు ఎన్ని అడుగులు? దేని ధర ఎంత?

6. అయిపోయాక పూలు ఎవరు తీస్తారు, ఎక్కడ వేస్తారు?

ఆరో ప్రశ్నను చివరిదే కదా అని వదలకండి. పందిరి విప్పాక పూలన్నీ సంచుల్లో కట్టి రోడ్డు మీద పడేస్తే అవి చెత్త. దారం, తీగ తీసి గుంటలో వేసి మట్టి కప్పితే ఎరువు. తిరుమలలో స్వామికి వాడిన పూలతో 2021 నుంచి దేవస్థానం అగరబత్తులు చేయిస్తోంది. అంత ఏర్పాటు మనకు కుదరకపోయినా, హాలు పెరట్లోనో తోట ఉన్న బంధువుల ఇంట్లోనో ఒక గుంట దొరకకపోదు.

సంఘాలకు, ఇళ్లకు మనవి

తెలుగు చదవడం రాని మన పిల్లలకు కూడా కొన్ని తెలుగు మాటలు ఇంట్లో మిగిలి ఉన్నాయి. అవి ఎక్కువగా వంటింటివి, పూజగదివి, పూలవి. విరజాజి, సన్నజాజి, మరువం, దవనం, కదంబం, చెండు, మూర, నార. ఈ మాటలు పుస్తకం చదివి వచ్చినవి కావు. పూలు కడుతూ కూర్చున్న అమ్మ పక్కన కూర్చుని నేర్చుకున్నవి. పూలు కట్టడం ఆగితే వాటిని పలికే సందర్భమే ఉండదు. అలంకరణ మొత్తం ప్యాకేజీగా మారిన ఇంట్లో పిల్లలు "ఫ్లవర్స్" అని ఊరుకుంటున్నారు.

అందుకని రెండు పనులు కోరుతున్నాను. ఒకటి, ప్రతి శుభకార్యంలో కనీసం ఒక భాగం ఇంటివాళ్లే చేయండి. గుమ్మం తోరణమో, పెళ్లికూతురి జడో, పీటల పక్క చెండ్లో. ముందురోజు సాయంత్రం పెద్దవాళ్ల పక్కన పిల్లలను కూర్చోబెట్టండి. రెండు, ప్రతి ఊరి సంఘం ఒక పట్టిక తయారుచేయాలి. మీ ఊళ్లో దొరికే పూలు, వాటి తెలుగు పేరు, స్థానిక భాష పేరు, దొరికే నెలలు, పూలజడ కుట్టేవాళ్లు, కొబ్బరాకు అల్లేవాళ్లు, అరటి బోదెలు తెచ్చేవాళ్లు ఎవరు అన్నది అందులో ఉండాలి. మా సంఘం హోసూరు పట్టిక మొదలుపెట్టింది. మిగతా ఊళ్లవి కూడా చేరితే అన్ని సంఘాలకూ పంచుకోవచ్చు. కుట్టేవాళ్లలో చాలామంది డెబ్బై దాటినవాళ్లు కనుక ఈ పని వచ్చే పెళ్లిళ్ల కాలానికి ముందే పూర్తి చేయడం మంచిది.